ఫ్లెక్సీ మీద పెండ్లికూతురు

"ఈ ఫ్లెక్సీ కొట్టింది ఎవలు?"

నిర్మల్ బస్టాండు ఎదురు సందులో, ఫ్లెక్సీ దుకాణంలో, ప్రింటింగ్ మిషన్ మోతను దాటుకొని ఆ గొంతు వినబడింది. కంప్యూటర్ ముందు కూర్చున్న జేమ్స్ తల తిప్పి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. చంకలో చుట్టిన ఫ్లెక్సీ. దానికి కట్టిన సుతిలి తాళ్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. విప్పి తేలేదు, పీక్కొచ్చింది.

"నేనే అక్కా. ఏమైంది, సైజు తక్కువొచ్చిందా?"

"ఎవలికి అక్క? నీకు నేను అక్క లెక్క కనవడుతున్ననా?"

"అట్ల గాదు, దుకాణంల అందర్ని గట్లనే అంట..."

"అందర్ని గట్లనే అంటవ్. చేతికి ఏదొస్తే గది కొడతవ్. ఇగో, చూడు నువ్వు చేసిన పని!"

ఆమె ఫ్లెక్సీని బల్ల మీద పరిచింది. జేమ్స్ టీ గ్లాసు కింద పడింది. ఆమె దాని వైపు చూడను కూడా చూడలేదు.

ఆమె ఊరి హైస్కూల్ పదో తరగతి వీడ్కోలు ఫ్లెక్సీ అది. పిల్లల ముఖాలు వరుసగా, ఒక్కొక్క ముఖం చుట్టూ పూల చట్రం. కింద ఎర్ర అక్షరాలు. కాబోయే డాక్టర్. కాబోయే ఎస్ఐ. కాబోయే ఐపీఎస్. కలెక్టర్లయితే ఒక వరుస నిండా ఉన్నారు, అంతమందికి జిల్లాలు ఎక్కడ దొరుకుతాయో తెలియదు. ఒక పిల్లగాడు ఏకంగా కాబోయే మంత్రి.

చిట్టచివర రెండు జడల పిల్ల. పేరు ప్రవళిక. కింద "కాబోయే వధువు" అని ఉంది.

జేమ్స్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకునే లోపే బయటికి వచ్చేసింది.

ఆమె అరచేత్తో బల్లను ఒక్క చరుపు చరిచింది. "నవ్వుతున్నవా? మా చెల్లె అది! పదిహేనేండ్ల పిల్ల. వచ్చే నెల పరీక్షలున్నయ్ దానికి. నవ్వు, ఇంకింత నవ్వు!"

"సారీ... స్కూలోళ్లు ఏం చెప్తే గదే పెట్టిన. నా తప్పేం లేదు."

"లేదా? చూపియ్యి. ఎవలు చెప్పిండ్రో చూపియ్యి."

జేమ్స్ ఫోన్ తీశాడు. క్లాస్ లీడర్ హనుమండ్లు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. నొక్కాడు. అప్పుడే గొంతు మారుతున్న పిల్లగాని మాట బొంగురుగా మొదలయింది. "అన్నా, రాసుకో. రమ, ఐపీఎస్. నవీన, డాక్టర్. నాకు కలెక్టర్ పెట్టు అన్నా, పెద్దగ పెట్టు..." అలా సాగి సాగి చివరికి వచ్చింది. "ప్రవళిక... అన్నా, ఆమె ఏం చెప్తలేదన్నా. అడిగి మల్ల చెప్త."

మళ్లీ చెప్పలేదు. మెసేజ్ అక్కడితో అయిపోయింది.

జేమ్స్ నెమ్మదిగా కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆ పూల చట్రం బాగుందని, ముందు వారం చేసిన ఒక నిశ్చితార్థం ఫ్లెక్సీ నుంచి తీసుకున్నాడు. చట్రంతో పాటు కింద అక్షరాలు కూడా వచ్చాయి. "కాబోయే" అలాగే ఉంచి, పక్క మాటలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయాడు. ప్రవళికకు మార్చడానికి మాట లేదు. పాత మాట పాత చోటే ఉండిపోయింది.

"తప్పు నాదే," అన్నాడు. గొంతులో నవ్వు పోయింది.

"నీదే అని నాకు తెల్వదా? ఆ తప్పు మా ఇంటిదాంక వచ్చి కూసున్నది! ఊర్లె అందరూ 'మహిమా, చెల్లె పెండ్లట గదా, మాకు చెప్పనేలేదు' అని అడుగుతుండ్రు. తప్పు పడ్డది అంటే ఒక్కలు నమ్మరు. ఫ్లెక్సీ మీద పడ్డంక తప్పెట్లయితది అంటరు. ఎవడో ఫోటో తీసి గ్రూపుల పెట్టిండు. ఆదిలాబాద్‌ల మా మేనత్త చూసింది. 'మా అన్న నోటితోని చెప్పలేక ఫ్లెక్సీ కొట్టించిండు' అని మొదటి బస్సుకు గాజులు, మిఠాయి పట్టుకొని దిగింది! ఆమె కొడుకు మస్కట్‌ల ఉన్నడు. అర్థమైందా?"

అర్థమైంది. ఈ చుట్టుపక్కల పుట్టినరోజైనా, పదవి వచ్చినా, కొత్త బోరులో నీళ్లు పడ్డా ఫ్లెక్సీ మీదికి ఎక్కాల్సిందే. ఎక్కిందంటే అది నిజం. ఆ నమ్మకం మీదే జేమ్స్ దుకాణం నడుస్తోంది.

"కొత్తది కొట్టిస్త. ఇప్పుడే. ఏం రాయాలె?"

"డాక్టర్ అని రాయి."

వేళ్లు కీబోర్డు మీద పెట్టి ఆగాడు. "చెల్లెను అడిగినవా?"

"అడిగేదేంది? నేను చెప్తున్న గదా. డాక్టరయితది అది. చిన్నప్పటి సంది నేను అనుకుంటున్న."

"నువ్వనుకున్నవ్. పిల్ల ఏమనుకుంది? ఒకసారి పిల్ల చెప్పనిది పడితేనే గింత లొల్లయింది. మల్ల చెప్పనిది రాయ."

మహిమ ముఖం ఎర్రబడింది. "నీతులు చెప్తున్నవా? నిన్న దాని బతుకుల మన్ను పోసి, ఇయ్యాల నాకు నీతులా? లే! నడువు మా ఇంటికి. మా బాపు ముంగట నిలవడి 'తప్పు నాది' అని చెప్పు. గప్పుడు చూస్త నీ నీతులు."

జేమ్స్ మిషన్ ఆపి, షట్టర్ దించి, బండి తాళం తీశాడు. "ఎక్కు."

"నీ బండి నేనెక్కుతనా? నేను బస్సుల పోత. నువ్వు బస్సు ఎన్క రా. సందులు తిరిగి తప్పించుకున్నవనుకో, రేపు పొద్దున మల్ల వస్త."

అలా పోయారు. ముందు బస్సు, వెనక బండి. మహిమ వెనక సీట్లో కూర్చుని, అద్దంలోంచి ప్రతి మూలమలుపులో తిరిగి చూసింది. అది ప్రేమ చూపు కాదు, దొంగను కాపలా కాసే చూపు. కానీ బస్సు పొగ మింగుకుంటూ వచ్చేవాడికి ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? ఊరు వచ్చేసరికి అతను ఎందుకో తల దువ్వుకున్నాడు.

*

ఇంట్లో వరండాలో మహిమ తల్లి మగ్దలేనమ్మ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. పక్కనే మహిమ చాట ఖాళీగా ఉంది. మంచం మీద మేనత్త వినోద, ఆమె పక్కన మిఠాయి డబ్బా. గోడకు ఆనుకొని ప్రవళిక సోషల్ పుస్తకం పట్టుకొని కూర్చుంది. చేతులకు కొత్త గాజులున్నాయి. ఆ గాజులు చూడగానే మహిమ పళ్లు పటపటలాడాయి.

తండ్రి బక్కయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. గల్ఫ్‌లో బరువులు మోసి మోసి నడుము చెడగొట్టుకొని వచ్చినవాడు. అప్పటి నుంచి చర్చిలో పాటలు ఎత్తుకోవడం, ఇంట్లో ప్రార్థన చేయడం, ఈ రెండే ఆయన పనులు.

జేమ్స్ జరిగిందంతా చెప్పాడు. హనుమండ్లు మెసేజ్ కూడా వినిపించాడు. "నాదే తప్పు కాకా. మాఫ్ చెయ్యి."

బక్కయ్య కోపగించుకోలేదు. నెమ్మదిగా అన్నాడు. "అందరికి రాసిన చెయ్యి, పిలగా, నా బిడ్డ కాడనే ఎందుకాగింది?"

"అంటే..."

"నేను ఎన్ని దినాల సంది మోకాళ్ల మీద ఉన్ననో నీకు తెల్వదు. పెద్దదాన్ని సదివియ్యలేకపోయిన. చిన్నదానికన్న మంచి దారి చూపియ్యి ప్రభువా అని అడుగుతున్న. నీ చేతిని ఆయనే ఆపిండు."

"దేవుడు గాదు కాకా! గప్పుడు నేను మిర్చి బజ్జి తింటున్న. చెయ్యి ఖాళీ లేకుండె."

వినోద డబ్బా మూత పెట్టి అన్నది. "గా టైంల బజ్జి తినవెట్టింది సుత దేవుడే."

మహిమ ఇక ఆగలేకపోయింది. "అత్తమ్మా, దేవుణ్ని బజ్జీల కాడికి తీస్కరాకు! బాపూ, అది పదిహేనేండ్ల పిల్ల!"

"ఇప్పుడే చేస్తమంటలేం గదనే," అంది వినోద. "మాట ఖాయం చేసుకుంటం. పెండ్లి దాని వయసు నిండినంకనే. అందాక నా దగ్గర ఆదిలాబాద్‌ల ఉంటది, ఇల్లు వాకిలి నేర్చుకుంటది. ఇంటర్ సదివి ఏం జేస్తది? నువ్వు సదివి ఏం జేసినవ్?"

ఆ మాట సూటిగా తగిలింది.

"నేను సదవలే! సదవనియ్యలే! అవ్వకు ఆపరేషన్ అన్నరు, ఆమె చాట నా చేతికిచ్చిండ్రు. గప్పుడు నా పరీక్షలకు ఇంక నెల సుత లేదు. నన్ను ఒక్కలన్న 'మహిమా, ఏం జేద్దాం' అని అడిగిండ్రా? బాపూ, నన్ను మాన్పించింది సుత దేవుడేనా?"

మగ్దలేనమ్మ చేతిలో బీడీ దారం తెగింది. బక్కయ్య నేల వైపు చూశాడు. కానీ మాట మార్చుకోలేదు. "ఆదివారం చర్చిల అయ్యగారు టెన్త్ పిల్లలకు ప్రార్థన చేస్తడు. గప్పుడే దీనికి సుత మాట తీస్కుంటం. ఇగ ఒర్రకు."

*

దడి దగ్గర జేమ్స్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"చెప్పుమన్న, చెప్పినవ్. ఇగ పో," అంది మహిమ.

"ఎట్ల పోత? చేసింది నేను. అయినకాడికి చాలని పొమ్మంటవా?"

"ఉండి ఏం జేస్తవ్? బజ్జీలు తింటవా?"

"ఆదివారం వస్త. చర్చిల అందరి ముంగట చెప్త."

"నీ మాట ఎవలింటరు? నువ్వు దేవుని చెయ్యివి గదా ఇప్పుడు."

అతను నవ్వబోయి, ఆమె కళ్లు చూసి ఆగిపోయాడు. అడిగాడు. "నువ్వు టెన్త్ సదివేటప్పుడు, నీ ఫోటో కింద ఏం ఉండాలె అనుకున్నవ్?"

"ఎందుకు నీకు?"

"ఊకె. అడుగుతున్న."

మహిమ నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పి మొఖం మీద కొట్టాలనుకుంది. ఏమీ దొరకలేదు. లోపల వెతికితే అక్కడ ఏమీ లేదు. ఎప్పుడైనా ఉండేదేమో, దాన్ని ఎప్పుడు పారేసుకుందో కూడా గుర్తు లేదు. ఆ ఖాళీని చూపించినవాడి మీద కోపం తన్నుకొచ్చింది. దడి తలుపు ధడాలున వేసేసి లోపలికి పోయింది.

తలుపు అవతల నుంచి మాట వచ్చింది. "ఆదివారం వస్త!"

"రాకు!" అని అరిచింది. అరిచాక, వస్తాడా రాడా అని ఆలోచించుకుంటూ చాట ముందు కూర్చుంది. దాంతో ఇంకా కోపం వచ్చింది.

ఆ వారమంతా ఆమె ప్రవళికను వదల్లేదు. అన్నం తింటుంటే చెప్పింది, జడ వేస్తూ చెప్పింది. "అయ్యగారు అడుగుతడు. డాక్టర్ అను. గట్టిగ అను. అత్తమ్మకు వినవడాలె."

"అక్కా, అది కాదు..."

"అక్కా లేదు గిక్కా లేదు. డాక్టర్ అను అంతే. జడ కదిలియ్యకు."

*

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. మగవాళ్ల చివరి వరుసలో, గోడకు ఆనుకొని, ఇస్త్రీ చొక్కాలో జేమ్స్ ఉన్నాడు. మహిమ ఒకసారి చూసింది. రెండోసారి చూడకూడదని చూడలేదు. మూడోసారి చూసింది.

పాటలయ్యాక అయ్యగారు పదో తరగతి పిల్లలను ముందుకు పిలిచారు. ఏటా ఉండేదే ఇది. పిల్లలు వరుసగా నిలబడి ఏం కావాలనుకుంటున్నారో చెబుతారు, సంఘమంతా దాని కోసం ప్రార్థన చేస్తుంది. ఒకడు పోలీసు అన్నాడు. ఒక పిల్ల నర్సు అంది. మూడోవాడు ఆర్మీ అన్నాడు, వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ప్రవళికా, నువ్వు?"

ప్రవళిక తల దించుకుంది.

"దానికి అదే ప్రార్థన అయ్యగారూ," ఆడవాళ్లలోంచి వినోద గొంతు లేచింది. "పెండ్లికూతురు గదా!"

నవ్వులు. మహిమ మోకాళ్ల మీదికి లేచింది. "డాక్టర్ అనవే!" గుసగుసే అనుకుంది, చర్చి అంతా వినబడింది.

"కాను అక్కా!"

ప్రవళిక ఏడుస్తూ, కోపంతో అక్క వైపు తిరిగింది. "నేను డాక్టర్ గాను! నెత్తురు చూస్తే నాకు కండ్లు తిరుగుతయ్. నీకు ఎరికే గదా, మొన్న కోడిని కోస్తే పడిపోయిన!"

"మరి... నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగినవ్? బాపు పెండ్లి అంటడు. నువ్వు డాక్టర్ అంటవ్. గా ఫ్లెక్సీ ఆయన తెల్వక రాసిండు. మీరిద్దరు తెలిసే రాస్తుండ్రు!"

మహిమకు చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్లుగా ఎవరి మీద కోపం పెంచుకుందో, వాళ్లు చేసిన పనే తను చేసింది. జడ బిగించి పట్టుకొని మరీ చేసింది. వెనక్కి చూడాలంటే భయమేసింది. 'చెల్లెను అడిగినవా' అన్నవాడు అక్కడ ఉన్నాడు. చూసింది. అతను నవ్వడం లేదు. తల వంచుకొని ఉన్నాడు.

అయ్యగారు మెల్లగా అడిగారు. "మరి ఏం కావాలె బిడ్డా?"

"సర్వేయర్," అంది ప్రవళిక ముక్కు తుడుచుకుంటూ. "భూములు కొలిచేటామె."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. "మా బాపుకు, చిన్న బాపుకు గట్టు కాడ పంచాయితి. నేను పుట్టకముందు సంది మాటల్లేవు. ఇద్దరు ఇదే చర్చిల కూసుంటరు, ఇదే పాట పాడతరు. ఎవలన్న వచ్చి ఎవలి దిక్కు మొగ్గకుండ కొలిస్తే అయిపోతది. ఎవ్వరు కొలుస్తలేరు. నేను కొలుస్త."

మగవాళ్ల వరుసల్లో ఈ చివర బక్కయ్య, ఆ చివర ఆయన తమ్ముడు. ఇద్దరూ ఒకేసారి మెడ వంచుకున్నారు.

అప్పుడు మహిమ లేచింది. ఆడవాళ్ల మధ్యలోంచి కాళ్లు దాటుకుంటూ వెళ్లి, పిల్లల వరుస చివర, చెల్లెలి పక్కన నిలబడింది. పిల్లల భుజాల మీదుగా ఆమె తల ఒక్కటే పైకి కనబడుతోంది.

"మహిమా?" అన్నారు అయ్యగారు అర్థం కాక.

"నేను సుత టెన్తే అయ్యగారూ. రాయలే. గా ఏడు మీరు ఇట్లనే పిల్లలను పిలిచిండ్రు. నేను గా మూలకు మా అవ్వ పక్కన కూసున్న. లైన్ల ఒకలు తక్కువున్నరు, మహిమ ఏది అని ఎవ్వరడగలే. మీరు సుత అడగలే."

అయ్యగారి చేతిలో పుస్తకం మూతపడింది. "నిజమే బిడ్డా," అన్నారు. "ఇప్పుడు అడుగుతున్న. ఏం కావాలె నీకు?"

"తెల్వది!" ఆమె గొంతు చర్చి పైకప్పుకు తగిలింది. "ఇంకా తెల్వది. అడిగితే గదా ఆలోచించేది! ముందు పరీక్ష రాస్త. రాసినంక ఆలోచిస్త. అందాక దీనికి గాని నాకు గాని ఎవ్వరు ఏది రాయొద్దు. బాపు రాయొద్దు, అత్తమ్మ రాయొద్దు." చెల్లెలి చేయి వెతికి పట్టుకుంది. "నేను సుత రాయ."

చివరికి చాప మీద చెయ్యి ఆనించి, నడుము పట్టుకొని బక్కయ్య లేచాడు. ఆ నడుముతో ముందుకు రావడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వచ్చి ఇద్దరు కూతుళ్ల వెనక నిలబడ్డాడు.

"అయ్యగారూ," అన్నాడు. "ఇద్దరికీ చెయ్యుండ్రి."

ప్రార్థన జరుగుతుండగానే వినోద చెప్పులు వేసుకుంది. గాజులు ఎవరూ తిరిగి ఇవ్వక్కర్లేకపోయింది. ప్రవళిక వాటిని అప్పటికే తీసి ఆమె సంచిలో పెట్టేసింది.

*

బయట బండి దగ్గర జేమ్స్ కనబడగానే మహిమ మీదికి పోయింది. "నవ్వు. గెలిచినవ్ గదా. చెల్లెను అడిగినవా అంటివి, నీ మాటే నిజమైంది. నవ్వు!"

"నేను నవ్వలే."

"నవ్వకుంటే ఇంకా కోపమొస్తుంది నాకు!"

"సరే, నవ్వుత."

"నవ్వినవో సంపుత!"

అతను రెండు చేతులూ ఎత్తేశాడు. "కొత్త ఫ్లెక్సీ తయ్యార్ చేస్తనా? కాబోయే సర్వేయర్ అని?"

"నీ ఫ్లెక్సీలు నువ్వే కప్పుకో. ఓపెన్ స్కూల్ల టెన్త్ ఎట్ల కట్టాలో తెలుసా నీకు?"

"తెల్వది. తెలుసుకొని చెప్త."

తెలుసుకున్నాడు. చెప్పడానికి వచ్చాడు. పుస్తకాలు ఇవ్వడానికి వచ్చాడు. ఇచ్చిన పుస్తకాలు సరైనవేనా అని చూడడానికి మళ్లీ వచ్చాడు. జూన్‌లో ప్రవళిక పాలిటెక్నిక్‌లో, సర్వే నేర్పే సివిల్‌కు పోయింది. మహిమ ఒళ్లో చాట, ఎదురుగా గోడకు నిలబెట్టిన లెక్కల పుస్తకంతో కూర్చునేది. జేమ్స్ దడి అవతల నిలబడి పాఠం చెప్పేవాడు. సగం తప్పు చెప్పేవాడు.

"మైనస్ ఎటు పోయింది?" అనేది ఆమె.

"అటు పోయింది."

"అటు పోతే ప్లస్ కావాలె గదా! నీకు టెన్త్ ఎవలిచ్చిండ్రు?"

మగ్దలేనమ్మ చాటలోంచి తల ఎత్తకుండా నవ్వుకునేది. బక్కయ్య ఒకరోజు కుర్చీని దడి వైపు జరిపి, "పిలగా, లోపలికొచ్చి కూసొని చెప్పు. నిలవడి చెప్తే లెక్క తప్పుతుందేమో," అన్నాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, నిర్మల్‌లో, ఆమె చివరి పరీక్ష. బయటికి వచ్చేసరికి కాలం కాని వాన. ఎండలో కాలిన రోడ్డు మీద చినుకులు పడి పొగలు లేస్తున్నాయి. సెంటర్ గేటు దగ్గర, గొడుగు లేకుండా, నిండా తడిసి జేమ్స్ నిలబడి ఉన్నాడు.

"ఎట్ల రాసినవ్?"

"నువ్వు చెప్పిన లెక్క ఒకటొచ్చింది. తప్పు చేసిన."

"మరి..."

"మిగతావన్ని మంచిగ రాసిన. అవి నేనే నేర్చుకున్న గదా." ఆమె చున్నీ తల మీద వేసుకొని అతని ముందుకొచ్చి నిలబడింది. "ఏందా నిలవడుడు? ఏడాది సంది నోట్లె ఒకటి పెట్టుకొని తిరుగుతున్నవ్. అడగవేం?"

"నువ్వు సదువుతున్నవ్ గదా. నడుమల అడిగితే పరేషాన్ అయితవని."

"అడగకుంటే పరేషాన్ గానా? ప్రతి లెక్క కాడ ఇప్పుడడుగుతడేమో, ఇప్పుడడుగుతడేమో అని చూసుడే అయింది! నా మైనస్‌లు ఎందుకు పోయినయ్ అనుకున్నవ్?"

వాన జేమ్స్ కళ్లలో పడుతోంది, తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"నేను ఇంటర్ సదువుత," అంది ఆమె.

"సదువు."

"తర్వాత ఏమైతనో ఇంకా తెల్వది."

"తెలిసినప్పుడు చెప్పు."

"గట్లయితే నడువు ఇంటికి. ఏమడగాలనో అక్కడ అడుగు. అందరి ముంగట అడుగు."

"ఇప్పుడా? ఇట్ల తడిసా?"

"బండి తియ్యి!"

ఈసారి ఆమె బస్సు ఎక్కలేదు.

వరండాలో నీళ్లు కారుతూ నిలబడి జేమ్స్ అడగాల్సింది అడిగాడు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "కాకా, మహిమను నేను... మీరు సరేనంటే..." అనగలిగాడు అంతే.

బక్కయ్య ముఖం విప్పారింది. "మంచి సంబంధమే. మన సంఘపోడు. చేతిల పనుంది. నాకైతే..." అంటూ మొదలుపెట్టి, ఠక్కున ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు కుర్చీలో మెల్లగా, నడుము నొప్పి ఓర్చుకుంటూ, పూర్తిగా కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా, మహిమా. నువ్వేమంటవ్?"

తండ్రి కళ్లు మహిమ కళ్లలోకే చూస్తున్నాయి, జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. ఇటు ఇంకొకడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మగ్దలేనమ్మ చేతులు చాటలో ఆగిపోయాయి. ఇంతమంది తన మాట కోసం ఆగడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఇదే మొదటిసారి. దాన్ని అంత తొందరగా అయిపోనివ్వాలనిపించలేదు.

"ఆలోచించి చెప్త," అని లోపలికి పోయింది.

వెనకాలే ప్రవళిక పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఏందిది? చెప్పరాదే! పాపం, సలికి వణుకుతుండు."

"వణకనీ."

"బాపు సుత పరేషాన్ అయితుండు!"

"కానీ. జర సేపు కానీ." మహిమ గోడకు ఆనుకొని, చున్నీ నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకుంది. కళ్లలోంచి నీళ్లు వస్తున్నాయి. బయట వాన చప్పుడు, మధ్యలో ఒక తుమ్ము.

రెండో తుమ్ము వినబడగానే ఆమె దండెం మీది తువ్వాల లాగి బయటికి వచ్చింది. జేమ్స్ ముఖం మీదికి విసిరింది.

"జల్ది తల తుడుచుకో," అంది కోపంగా. "జ్వరమొచ్చిందనుకో, పెండ్లి ఆగుతది."